రొయ్యకి అందిన కబురు

ల్యాబులో ఉద్యోగానికి వచ్చే పిల్లల్ని నేను ఇంటర్వ్యూలో ఒకటే ప్రశ్న అడిగేదాన్ని. డీఎన్‌ఏకి, ఆర్‌ఎన్‌ఏకి, ప్రొటీన్‌కి సంబంధం ఏమిటి? అందరూ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్ళు.

"డీఎన్‌ఏ ఆర్‌ఎన్‌ఏగా మారుతుంది మేడమ్. ఆర్‌ఎన్‌ఏ ప్రొటీన్‌గా మారుతుంది."

"మారిపోతే మరి డీఎన్‌ఏ ఏమవుతుంది?"

అక్కడ ఆగిపోయేవాళ్ళు. గుడివాడ నుంచి వచ్చిన ఒకబ్బాయి కాసేపు గోడ వంక చూసి, "అయిపోతుందండి" అన్నాడు. అని, తన జవాబుకి తనే నవ్వేశాడు. ఉద్యోగం ఆ అబ్బాయికే ఇచ్చాను. తప్పు చెప్పానని తెలిసి నవ్వగలిగినవాడికి పని నేర్పడం తేలిక. తప్పు చెప్పి బిగుసుకుపోయేవాళ్ళతోనే కష్టం.

నేను రొయ్యల జబ్బులు పరీక్షించే ల్యాబులో పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. మచిలీపట్నంలోనే చేరాను, మచిలీపట్నంలోనే మానేశాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఇంక్రిమెంట్ ఎవరు ఆపారు లాంటివి రాయను. వాటివల్ల ఎవరికీ ఏమీ రాదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి పనికొచ్చే రెండు మూడు సంగతులున్నాయి. అవి చెప్పాలని నాకు మహా ఆత్రంగా ఉంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. కొత్త విషయం తెలిస్తే ఎవరికో ఒకరికి చెప్పేదాకా అన్నం సయించని అలవాటు అప్పుడు పట్టుకుంది, రిటైరయినా పోలేదు.

మారదు, నకలు తీస్తారు

మా అబ్బా కలంకారీ అద్దకం కార్ఖానాలో పనిచేసేవారు. అక్కడ అసలు డిజైన్ల కాగితాలు ఓనరు గారి ఇనప్పెట్టెలో ఉండేవి. వాటిని బయటికి ఇచ్చేవారు కాదు. కొత్త దిమ్మ కావాలంటే పల్చటి కాగితం మీద ఆ డిజైన్‌కి నకలు తీసి, చెక్కే మనిషికి ఇచ్చేవారు. ఆయన ఆ నకలుని టేకు చెక్క మీద అంటించి ఉలితో చెక్కేవాడు. చెక్కడం పూర్తయ్యేసరికి కాగితం చిరిగి పొట్టులో కలిసిపోయేది. దిమ్మ మిగిలేది. బట్ట మీద పువ్వు పడాలంటే కావలసింది ఆ దిమ్మే.

ల్యాబులో చేరిన కొత్తలో, నీలం వెలుగు కింద జెల్‌లో డీఎన్‌ఏ గీత మెరవడం మొదటిసారి చూసిన రోజు, నేను బస్సు కోసం కూడా ఆగకుండా ఇంటికి నడిచొచ్చేశాను. అబ్బా అన్నానికి కూర్చున్నారు. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూలో, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"అబ్బా, ప్రతి ప్రాణి కణంలోనూ మీ ఓనరు గారి ఇనప్పెట్టె ఉంది" అన్నాను.

"తాళం మన దగ్గరుందా?"

"వినండి ముందు. పెట్టెలో ఉన్న అసలు కాగితం డీఎన్‌ఏ. అది బయటికి రాదు. అవసరమైన డిజైన్ వరకే పల్చటి నకలు తీస్తారు, అది ఆర్‌ఎన్‌ఏ. చెక్కేవాడు ఆ నకలుని మూడేసి అక్షరాల చొప్పున చదువుతాడు. ఒక్కో మూడక్షరాలకి ఒక్కో అమైనో ఆమ్లం తెచ్చి గొలుసులా కలుపుతాడు. ఆ గొలుసు ముడుచుకుంటే ప్రొటీన్. కండరమైనా, పెంకైనా, తిన్నది అరిగించేదైనా, పనిచేసేది ప్రొటీనే. మీ దిమ్మ లాగా."

"మరి మీ రొయ్యలకి జబ్బెలా వస్తుంది?"

"వైరస్‌కి సొంత కార్ఖానా లేదు. దాని దగ్గర ఉన్నది డిజైన్ కాగితం, దానికో తొడుగు. అంతే. రొయ్య కణంలో దూరి, మన పనివాళ్ళ చేతే దాని నకళ్ళు తీయించి, దాని దిమ్మలు చెక్కిస్తుంది."

అబ్బా ముద్ద కలుపుతూ ఆలోచించారు. "కూలి మనది, కర్ర మనది, సరుకు వాడిది. ఇలాంటి వాళ్ళని నేను చూశాన్లే" అన్నారు.

మా అమ్మీ మాత్రం, "చేపల మార్కెట్‌లో ఇంకా తక్కువ చదువుకే ఉద్యోగం ఇస్తారు, నువ్వు ఇంత చదివి రొయ్యల దగ్గరికే వెళ్ళావు" అంది. అంటూనే పక్కింటావిడని పిలిచి, నా చేత అదంతా మళ్ళీ చెప్పించింది.

నీళ్ళకి పట్టిన జబ్బు

ల్యాబు పెట్టిన రామబ్రహ్మం గారిది గుడివాడ దగ్గర వ్యవసాయ కుటుంబం. చాలా చదువుకున్నారు. రైతులతో రైతులాగే మాట్లాడేవారు. తొందర ఎక్కువ. "పాజిటివ్వా, నెగెటివ్వా, రైతుకి కావలసింది ఒక్క ముక్క అమ్మాయ్, పురాణం కాదు" అనేవారు. నేను ఆయన దగ్గర ఎంత నేర్చుకున్నానో, ఆయనతో అంత పోట్లాడాను.

మొదట్లో ల్యాబంతా ఒకటే గది. బందరు ఎండాకాలం సంగతి మీకు తెలుసు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోతుంటే రామబ్రహ్మం గారు ఫ్యాన్ వేయించారు. ఒకరోజు బంటుమిల్లి నుంచీ, మొవ్వ వైపు నుంచీ, దివిసీమ నుంచీ వచ్చిన రొయ్యపిల్లల శాంపిళ్ళు ఒకేసారి పరీక్ష పెడితే, అన్నిటిలోనూ రొయ్యని చంపే తెల్లమచ్చ వైరస్ డీఎన్‌ఏ కనిపించింది. పిల్లని పారబోయమని రైతులకి చెప్పడానికి ఆయన అప్పటికే ఫోన్ చేతిలోకి తీసుకున్నారు.

"సార్, నీళ్ళ ట్యూబు కూడా పాజిటివే" అన్నాను.

ప్రతి పరీక్షలోనూ ఏ శాంపిలూ కలపకుండా ఉత్త నీళ్ళతో ఒక ట్యూబు పెడతాం. అందులో ఏమీ రాకూడదు.

"నీళ్ళకి వైట్ స్పాట్ ఏంటమ్మాయ్?"

"నేనూ అదే అడుగుతున్నాను."

సంగతేమిటంటే, మా మిషన్ ఒక చిన్న డీఎన్‌ఏ ముక్కని కోట్ల నకళ్ళు చేస్తుంది. ఆ ట్యూబు మూత తెరిస్తే కంటికి కనపడని తుంపరలు లేస్తాయి. ఫ్యాన్ తిరుగుతుంటే అవి గదంతా పడతాయి. కిందటి పరీక్షల తాలూకు నకళ్ళు కొత్త ట్యూబుల్లోకి చేరి కూర్చున్నాయి. రైతుల పిల్లకి కాదు, మా గదికి జబ్బు చేసింది.

రామబ్రహ్మం గారు ఫోన్ కింద పెట్టి, తనే కుర్చీ ఎక్కి ఫ్యాన్ రెక్కలు విప్పేశారు. ఆ తరవాత శాంపిళ్ళు కలపడానికి ఒక గది, ట్యూబులు తెరవడానికి ఇంకో గది పెట్టించారు. పొరపాటు తెలిశాక పక్కవాళ్ళ మీదకి నెట్టకుండా కుర్చీ ఎక్కే బాసు దొరికితే, ఆయన కేకలేసినా వదలొద్దు.

ఆ రోజు నాకొకటి బాగా తలకెక్కింది. మిషన్ అబద్ధం ఆడదు గానీ, అడిగినదానికే జవాబు చెబుతుంది. "ఈ డీఎన్‌ఏ ఇక్కడ ఉందా?" అని అడిగాం, "ఉంది" అంది. ఎక్కడి నుంచి వచ్చిందని మనం అడగలేదు. బతికి ఉందా, పనిచేస్తోందా అనీ అడగలేదు.

బురద ఏమీ చెప్పదు

నాగాయలంక వైపు నుంచి నాంచారయ్య గారని ఒక రైతు వచ్చేవారు. సొంత భూమి లేదు. పామర్రులో ఉండే ఒక ఆసామి చెరువుని లీజుకి తీసుకుని రొయ్య వేశారు. ఒక పంట తెల్లమచ్చకి పూర్తిగా పోయింది. ఇంకో పంట పోయినా, చెరువు ఖాళీగా పెట్టినా వేరే వాళ్ళకి ఇచ్చేస్తానని ఆసామి చెప్పేశాడు. చెరువు పోతే నాంచారయ్య గారు మళ్ళీ ఎవరో ఒకరి చెరువు గట్టు మీద మేత చల్లే పనికి వెళ్ళాలి. ఆ పనిలోంచి బయటపడడానికి ఆయనకి సగం వయసు పట్టింది.

ఆయన చెరువు ఎండగట్టి, దున్నించి, బ్లీచింగ్ చల్లి, పాయ నుంచి నీళ్ళు పెట్టారు. పిల్లకి ఆర్డర్ కూడా ఇచ్చేశారు. అడుగు బురద డబ్బాలో పట్టుకుని మా దగ్గరికి వచ్చారు.

బురదలో వైరస్ డీఎన్‌ఏ కనిపించింది.

"బ్లీచింగ్ వేశాను కదమ్మా. చచ్చిందేమో అది?" అన్నారు నాంచారయ్య గారు.

అడగాల్సిన ప్రశ్న అదే. డీఎన్‌ఏ గట్టిది. వైరస్ చచ్చిపోయాక కూడా దాని కాగితం ముక్కలు బురదలో దొరకొచ్చు. సరిగ్గా అప్పుడే మాకు ఆర్‌ఎన్‌ఏ పరీక్షకి కిట్ వచ్చింది. రామబ్రహ్మం గారు కొత్త సైకిల్ కొనుక్కున్న కుర్రాడిలా ఉన్నారు.

"డీఎన్‌ఏ ఉంటే డిజైన్ ఉన్నట్టు. ఆర్‌ఎన్‌ఏ ఉంటే కబురు అంది పని జరుగుతున్నట్టు. చూసెయ్ అమ్మాయ్" అన్నారు.

చూశాం. ఆర్‌ఎన్‌ఏ లేదు.

"ఇంకేం, కబురే లేదంటే చచ్చిన వైరస్. పిల్ల వేసుకోవయ్యా నాంచారయ్యా" అన్నారాయన.

నాంచారయ్య గారి ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం ఎక్కడో తేడాగా ఉంది.

"సార్, ఒక్క నిమిషం. వైరస్ బురదలో బతికున్నా కబురు పంపదు."

"ఎందుకు పంపదు?"

"నకలు తీసేవాళ్ళు ఎవరున్నారు సార్ బురదలో? రొయ్య కణంలో పడ్డాకే దానికి ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. బయట ఉన్నంతసేపూ బతికిందీ మాట్లాడదు, చచ్చిందీ మాట్లాడదు. మనం కబురు లేనిచోట కబురు కోసం వెతికాం."

రామబ్రహ్మం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకా మాత్రం తెలీదంటావా?" అన్నారు. తెలుసు. కిట్ వచ్చిన సంబరంలో తట్టలేదు, అంతే. కిట్ కొత్తదైతే ఎంత చదువుకున్నవాళ్ళకైనా జరుగుతుంది. మీకూ జరుగుతుంది.

నాంచారయ్య గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి లేచారు. "మీరూ మీరూ తేల్చుకోండి. ఈలోగా నేను టీ తాగొస్తాను. ఒచ్చేసరికి వైరస్ బతికుండకపోతే బాగుండు."

ఆయన తిరిగొచ్చేసరికి మేము తేల్చుకున్నాం. బురదని అడిగి లాభం లేదు, రొయ్యనే అడగాలి.

వలసంచిలో పంట

వైరస్ లేదని మా దగ్గర తేలిన రొయ్యల్ని కొన్నిటిని తీసుకెళ్ళి, నాంచారయ్య గారి చెరువులో నాలుగు కర్రలకి కట్టిన వలసంచిలో వదిలాం. సంచి అడుగు బురదకి ఆనేలా కట్టించాను. చెరువులో బతికున్న వైరస్ ఉంటే ఈ రొయ్యల్లోకి ఎక్కుతుంది. వాటి కణాల్లో నకళ్ళు తీయడం మొదలవుతుంది. అప్పుడు ఆర్‌ఎన్‌ఏ దొరుకుతుంది. ఖర్చు పెద్దగా లేదు, ఓపిక కావాలి.

పక్క చెరువు రైతు గట్టు మీద నుంచి చూసి, "ఏం నాంచారయ్య బావా, ఈసారి పంటంతా సంచిలోనేనా? పట్టుబడి రోజు మమ్మల్నీ పిలువు, జేబులో పెట్టుకెళ్తాం" అన్నాడు.

"నీ చెరువులో మిగిలినవాటికన్నా నా సంచిలోవే ఎక్కువలే" అన్నారు నాంచారయ్య గారు.

రోజూ ఫోన్ చేసేవారు. "మేత బ్రహ్మాండంగా తింటున్నాయమ్మా. మీసాలు చూడాలి, పౌరుషంగా ఉన్నాయి. పిల్ల తెప్పించేసుకోనా?" ఆగమనేదాన్ని. ఆగడం ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు. ఆలస్యం అయ్యేకొద్దీ ఆసామి దగ్గర నుంచి కూడా ఆయనకి ఫోన్లు వస్తున్నాయి.

శాంపిల్ తీయడానికి నేనే వెళ్ళాను. డీఎన్‌ఏ అయితే కాస్త అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. ఆర్‌ఎన్‌ఏ అలా కాదు. కణంలో పని అయిపోగానే చెదిరిపోవాల్సిందే అది, అలాగే తయారైంది. మన వేళ్ళ మీది చెమటలో కూడా దాన్ని కొరికేసే ఎంజైములు ఉంటాయి. గట్టు మీదే గ్లవుజులు వేసుకుని, రొయ్య మొప్పలు కత్తిరించి వెంటనే మందునీళ్ళ ట్యూబులో వేస్తుంటే నాంచారయ్య గారు సాయం పట్టబోయారు. వద్దన్నాను.

"మా చేతులు అంత చెడ్డవా అమ్మా?"

"నా చేతులూ అంతే అన్నయ్య గారూ. అందుకే తొడుక్కున్నాను."

ల్యాబుకి వచ్చి ముందు శాంపిల్‌లో ఉన్న డీఎన్‌ఏ అంతా పోగొట్టాం. మా మిషన్‌కి డీఎన్‌ఏ చదవడమే తెలుసు కాబట్టి, ఆర్‌ఎన్‌ఏని ఒక ఎంజైముతో వెనక్కి డీఎన్‌ఏగా రాయించాలి. ఆ ఎంజైము వేయని ట్యూబు ఒకటి పక్కన పెట్టాం. దానిలో గీత వస్తే పాత డీఎన్‌ఏ మిగిలిందని అర్థం. రాలేదు. నీళ్ళ ట్యూబులోనూ రాలేదు. రొయ్య ట్యూబులో వచ్చింది. వైరస్ తొడుగు ప్రొటీన్‌కి సంబంధించిన కబురు, స్పష్టంగా.

రామబ్రహ్మం గారు చూసి, "నువ్వే చెప్పు. ఒకసారి వేసుకోమన్న నోరు ఇది" అన్నారు.

నాంచారయ్య గారు వచ్చారు. చెప్పాను.

"తెల్లమచ్చ ఏదమ్మా? పొద్దున కూడా చూశాను. ఒక్క దానికి లేదు."

"ఇంకా రాలేదు."

"రాని జబ్బు ఉందంటారేంటి?"

"మచ్చ ఆఖర్న కనపడేది అన్నయ్య గారూ. ముందు వైరస్ డీఎన్‌ఏ లోపలికి వెళ్ళింది. దాన్నుంచి కబురు తయారైంది. ఆ కబురు చదివి రొయ్య దానికి ప్రొటీన్లు చేసిపెడుతోంది. అవి చాలినన్ని అయితే కొత్త వైరస్‌లు తయారై కణాన్ని పగలగొట్టుకుని బయటికొస్తాయి. మనకి కంటికి కనపడేది ఆ తరవాతే."

"మరి మేత తింటోందిగా?"

"తింటోంది. ఆ తిన్నది వైరస్ పనికి పోతోంది."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. తరవాత, "మీరు చదువుకున్నారు, మీ జీతం మీకొస్తుంది. పిల్ల వెయ్యకపోతే నా చెరువు పోతుంది" అన్నారు.

"వేస్తే పిల్లా పోతుంది, చెరువూ పోతుంది" అన్నాను.

ఆయనకి కోపం వచ్చింది. మెట్లు దిగి వెళ్ళిపోయారు. కానీ ఆ సాయంత్రం పిల్ల లారీని ఆపించేశారని తరవాత తెలిసింది. నన్ను పూర్తిగా నమ్మి కాదు. నమ్మకపోతే ఏమవుతుందో అన్న భయం కొద్దీ. అదీ చాలు. కొద్ది రోజులకే వలసంచిలో రొయ్యలు మేత మానేసి వల అంచులకి ఎగబాకాయి. వాటి పెంకుల మీద మచ్చలు లేచాయి. నాంచారయ్య గారు ఫోన్ చేసి "ఒచ్చాయమ్మా" అన్నారు.

రిపోర్టు తరవాత

రిపోర్టు మీద సంతకం పెడితే మన పని అయిపోయిందనుకునేవాళ్ళు ఈ వృత్తిలో చాలామంది ఉన్నారు. నేను అలా అనుకోను. "వేయొద్దు" అని చెప్పినవాళ్ళం "మరేం చేయాలి" అన్నదానికి కూడా ఎదురు నిలబడాలి. నాంచారయ్య గారి చెరువు నా మాట మీద ఖాళీగా ఉంది. నేనూ ఆయనా కలిసి పామర్రు వెళ్ళాం.

ఆసామి పెద్దాయన. వరండాలో కుర్చీలు చూపించాడు. నేను కూర్చున్నాను. నాంచారయ్య గారు స్తంభం పక్కన నిలబడ్డారు.

"చెరువు ఖాళీగా పెట్టుకోడానికిచ్చానా నాంచారయ్యా? వేరేవాళ్ళు రేపు పిల్ల వేస్తామని తిరుగుతున్నారు."

"వాళ్ళు వేసినా పోతుందండి. మీ చెరువులో వైరస్ బతికే ఉంది" అన్నాను.

"అయితే మళ్ళీ ఎండగట్టాలా? మళ్ళీ బ్లీచింగా? ఎన్నాళ్ళు?"

"రొయ్య కాకుండా పండుగప్ప వేయనివ్వండి. చేప."

"ఆ నీళ్ళలోనేనా?"

"ఆ నీళ్ళలోనే. ఈ వైరస్ రొయ్యలకీ పీతలకీ పట్టేది. దాని కాగితం ఎంత ఉన్నా, చేప కణంలో దాన్ని చదివేవాళ్ళు లేరు. పైగా చెరువులో రొయ్యా పీతా లేకుండా ఒక పంటకాలం గడిస్తే, వైరస్‌కి నకళ్ళు తీసిపెట్టేవాళ్ళు దొరకరు."

పెద్దాయన నా వంక అనుమానంగా చూశాడు. "చేప బాగా వస్తుందని రాసిస్తావా?"

"అది రాసివ్వనండి. మేత, నీళ్ళు, ఆక్సిజన్, ఎన్నో ఉంటాయి. ఈ జబ్బు చేపకి రాదని మాత్రం రాసిస్తాను."

"తెలిసినంతవరకే చెప్తావన్నమాట."

"అంతవరకే జీతమిచ్చారండి."

ఆయన నవ్వాడో లేదో నాకు తెలియలేదు. వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. నాంచారయ్య గారు తువ్వాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నారు. లోపల్నుంచి ఎవరో మంచినీళ్ళు తెచ్చి పెట్టి వెళ్ళారు. నేను ఇంకేదైనా చెప్పాలా అని వెతుక్కున్నాను. చెప్పాల్సినవన్నీ అయిపోయాయి.

"నాంచారయ్యా" అన్నాడు పెద్దాయన చివరికి, అటు తిరక్కుండానే. "పండుగప్ప పిల్ల ఎప్పుడు దింపుతున్నావు?"

అప్పుడు నాంచారయ్య గారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.